అన్నీ పచ్చగానే ఉన్నాయి

మా చెల్లెలి కూతురు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తోంది. నిరుడు ఇంజినీరింగ్ మేనేజర్ అయింది. చేతికింద పద్నాలుగు మంది. మొన్న సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు అరుగు మీద నా పక్కన కూర్చుని, చెరుకు ముక్క నములుతూ అంది: "మామయ్యా, నా ఎదురుగా పదకొండు డాష్‌బోర్డులున్నాయి. ఆ వారం అన్నీ పచ్చగానే ఉన్నాయి. రిలీజు ఆగిపోతుందని మాత్రం టీములో అందరికంటే ఆఖర్న తెలిసింది నాకే."

నాకు నవ్వొచ్చింది. ముప్పై నాలుగేళ్లు థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో మెయింటెనెన్స్ చూసి రిటైరైనవాణ్ని. మా రోజుల్లో డాష్‌బోర్డు లేదు, లాగ్ షీటు ఉండేది. పచ్చ లైటు లేదు, నీలం ఇంకు ఉండేది. ఆఖర్న తెలిసేది మాత్రం అప్పుడూ మేనేజరుకే.

ఆ పండగ మూడు రోజులూ ఆ పిల్లకు చెప్పినవే ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇందులో సగం పాఠాలకు ఫీజు నేను కట్టాను. కొన్నింటికి మా కేంద్రం కట్టింది.

1. అంకె వెనకున్న మనిషిని అడుగు

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు. 210 మెగావాట్ల యూనిట్‌లో బాయిలరు పొగను లాగే పెద్ద ఫ్యాను బేరింగు తెల్లవారుజామున కాలిపోయింది. యూనిట్ సగం లోడుకు పడింది. కోలుకోవడానికి రెండు రోజులు పట్టింది. అంటే సుమారు 50 లక్షల యూనిట్ల కరెంటు పోయినట్టు.

లాగ్ షీటు తెప్పించాను. రాత్రి పది నుంచి నాలుగింటి దాకా బేరింగు వేడి గంటగంటకూ రాసి ఉంది: 62, 62, 62, 62. ఇంత నిలకడగా ఉన్న బేరింగు ఎలా కాలింది? కాసేపు ఆలోచిస్తే తెలిసింది, ఆ నిలకడే తప్పు అని. అర్ధరాత్రి దాటాక లోడు తగ్గిస్తారు, బయట గాలి చల్లబడుతుంది. బాగున్న బేరింగు వేడి కూడా రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ ఆడాలి. ఆడని అంకెను ఎవరూ చూసి రాయలేదన్నమాట.

ఆపరేటర్‌ని పిలిచి అరిచాను. ఆయన నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఏమీ అనకుండా వెళ్లి ఒక పాత పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. గేజి ముల్లు ఇరుక్కుపోయిందని, మార్చమని మూడు వారాల్లో మూడుసార్లు రాసిచ్చాడు. మూడింటికీ "చూశాము" అని సంతకాలున్నాయి. వాటిలో ఒకటి నాది.

ఆ రోజు నుంచి అంకె చూస్తే మూడు ప్రశ్నలు అడుగుతాను. దీన్ని ఎవరు కొలిచారు? దేనితో కొలిచారు? కొలిచినవాడు ఇందులో లోపముందని చెబితే ఎవరైనా విన్నారా? మూడోదానికి జవాబు లేకపోతే మొదటి రెండింటి జవాబులూ నమ్మను.

2. చెడు కబురు తెచ్చినవాడికి కుర్చీ వెయ్యి

ఇది నా సొంత తప్పు, దాచుకోను. డివిజన్ బాధ్యత కొత్తగా వచ్చిన రోజులు. పొద్దున తొమ్మిదింటి మీటింగులో ఒక జూనియర్ ఇంజినీరు లేచి, ఓవర్‌హాల్ ఆరు రోజులు ఆలస్యమవుతుందన్నాడు. పైవాళ్లకు అప్పటికే తేదీ ఇచ్చేశాను. పదిహేను మంది ముందు, "ఆరు రోజులు నీ జీతంలో కోయమంటావా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆ కుర్రాడూ నవ్వాడు.

తర్వాత అయిదు నెలలు ఆ మీటింగులో ఒక్క ఆలస్యం మాట వినిపించలేదు. నా అంత సమర్థుడు లేడనుకున్నాను. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం! ఆలస్యాలు ఎప్పటిలాగే జరుగుతున్నాయి. అయితే ఆరు రోజుల ముందు కాకుండా, జరిగిన ఆరు గంటలకు తెలుస్తున్నాయి. ముందు తెలిస్తే ఏదో ఒకటి చేయొచ్చు. తర్వాత తెలిస్తే సంజాయిషీ రాయడం ఒక్కటే మిగులుతుంది.

ఆ కుర్రాడు చెప్పింది ఓవర్‌హాల్ గురించి. ఆ గదిలోని మిగతా పద్నాలుగు మంది నేర్చుకున్నది నా గురించి. నీకు రేపు ఏ కబురు అందుతుందో, నిన్న కబురు తెచ్చినవాడితో నువ్వెలా మాట్లాడావన్నదే తేలుస్తుంది. ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఇదొక్కటి గుర్తుంచుకుంటే చాలు.

తర్వాత ఒక అలవాటు చేసుకున్నాను. చెడు కబురుతో వచ్చినవాణ్ని ముందు కూర్చోమంటాను. రెండో మాటగా "ఇప్పుడే చెప్పావు, మంచిదైంది" అంటాను. మూడో మాటగా "నీకు నా నుంచి ఏం కావాలి?" అని అడుగుతాను. కోపం రాదని కాదు. వచ్చిన కోపాన్ని టీ వచ్చేదాకా ఆపుతాను. సగం కోపం టీతో పోతుంది.

3. మెట్లు దిగు

కబురు కింది నుంచి పైకి ఎక్కేటప్పుడు ప్రతి మెట్టు దగ్గరా కాస్త కరుగుతుంది. ఫిట్టర్ అంటాడు: "సార్, ఈ పంపు వారం ఆగదు." ఫోర్‌మన్ రాస్తాడు: "పంపులో శబ్దం గమనించడమైనది." అసిస్టెంట్ ఇంజినీరు నివేదికలో అది "పంపు పరిశీలనలో ఉంది" అవుతుంది. నా బల్ల మీదికి వచ్చేసరికి "పంపులన్నీ నడుస్తున్నవి." ఇందులో ఎవరూ అబద్ధం ఆడలేదు. తలా కాస్త పంచదార కలిపారంతే.

అందుకని మెట్లు దిగాలి. టయోటాలో దీన్ని ఒక పద్ధతిగానే పెట్టుకున్నారు, "గెంచి గెంబుత్సు" అంటారు. ఆ చోటికే పోయి, ఆ వస్తువునే కళ్లారా చూడమని అర్థం. మా దగ్గర ఆ పేరు తెలియదు కానీ మా సీనియర్ ఫిట్టర్ ఒకాయనకు ఆ విద్య తెలుసు. స్క్రూడ్రైవరు మొన బేరింగు గూడుకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. "మోత మారింది సార్" అంటే మారినట్టే. వైబ్రేషన్ మీటరు నాలుగు రోజుల తర్వాత ఆ మాటే చెప్పేది.

దిగడంలోనూ ఒక మర్యాద ఉంది. నలుగురు అధికారులను వెంటేసుకుని, కొత్త హెల్మెట్లు పెట్టుకుని పోతే అది తనిఖీ. నీ రాక ముందే తెలిసి నేల తుడిచి ఉంటుంది. ఒక్కడివే వెళ్లు. షిఫ్టు మారే అరగంట మంచి సమయం, వెళ్లేవాడు వచ్చేవాడికి అసలు సంగతి చెప్పేది అప్పుడే. "అంతా బాగుందా?" అని అడక్కు, "బాగుంది సార్" అనే జవాబు వస్తుంది. "ఈ వారం నిన్ను బాగా విసిగించింది ఏది?" అని అడుగు. అక్కడ విన్నదాన్ని పట్టుకుని ఫోర్‌మన్‌ను అందరిలో నిలదీయకు. నిలదీస్తే ఆ ఫిట్టర్ నీతో మాట్లాడే ఆఖరి రోజు అదే.

మా మేనకోడలు అడిగింది: "మాది ఇంట్లోంచి పని కదా మామయ్యా, నేనెక్కడికి దిగేది?" ఒక కుర్రాడు కోడ్ ఎక్కిస్తుంటే గంటసేపు పక్కన కూర్చున్నట్టు తెర పంచుకుని చూడమన్నాను. నోరు మెదపకుండా. ఎక్కడ ఆగుతున్నాడు, ఎవరి అనుమతి కోసం చూస్తున్నాడు, ఏ మెట్టు దగ్గర నిట్టూరుస్తున్నాడు అన్నది ఏ డాష్‌బోర్డూ చూపదు.

4. కాగితం మీద లేని అంకెల్ని వెతుకు

1986 జనవరి 27 రాత్రి అమెరికాలో ఒక టెలిఫోన్ సమావేశం జరిగింది. మర్నాడు చాలెంజర్ అంతరిక్ష నౌక లేవాలి. చలి విపరీతంగా ఉంది. బూస్టర్ రాకెట్ల అతుకుల్లోని రబ్బరు రింగులు చలికి బిగుసుకుని, వేడి వాయువును ఆపలేవేమోనని బూస్టర్లను తయారుచేసిన సంస్థ ఇంజినీర్లు భయపడ్డారు, వద్దన్నారు. వాళ్ల ముందున్న లెక్కల్లో రింగులు దెబ్బతిన్న ప్రయోగాల ఉష్ణోగ్రతలే ఉన్నాయి. చలిలోనూ దెబ్బతిన్నాయి, వెచ్చదనంలోనూ దెబ్బతిన్నాయి. చలికీ దీనికీ సంబంధం ఉందని గట్టిగా నిలబెట్టలేకపోయారు. మేనేజర్లు ప్రయోగానికి సరేనన్నారు. 28న నౌక పేలి ఏడుగురు చనిపోయారు.

తర్వాత విచారణ సంఘం దెబ్బతినని ప్రయోగాలను కూడా అదే పటంలో పెట్టి చూసింది. 66 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆపైన జరిగిన 20 ప్రయోగాల్లో మూడింటిలోనే దెబ్బ. 63, అంతకంటే తక్కువలో జరిగిన నాలుగింటిలో నాలుగూ దెబ్బతిన్నాయి. ప్రయోగం నాటి వేడి సుమారు 36 డిగ్రీలు. కావలసిన అంకెలన్నీ ఆ రాత్రికే ఉన్నాయి. బాగా జరిగినవాటి కాగితాలు బల్ల మీదికి రాలేదు, అంతే.

నేను దీన్ని ఇలా వాడుకున్నాను: చెడిపోయిన పంపుల జాబితా ఎవరైనా తెస్తే, అదే తయారీ, అదే వయసు ఉండి చెడిపోని పంపుల జాబితా కూడా తెమ్మంటాను. రెండూ పక్కపక్కన పెట్టేదాకా కారణం ఊహించను. ఫిర్యాదులు రాసినవాళ్లను ఎలాగూ చదువుతావు. ఏమీ రాయని సెక్షన్ ఏదో కూడా చూడు. అక్కడ నిజంగా ఏమీ జరగడం లేదా, రాయడం మానేశారా?

5. నువ్వు ఆఖర్న మాట్లాడు

చాలెంజర్ విచారణ సంఘంలోనే రిచర్డ్ ఫైన్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఉన్నాడు. షటిల్ ఇంజను వైఫల్యానికి అవకాశం ఎంతో తలా ఒక కాగితం మీద రాయమని ఒక సమావేశంలో ఉన్నవాళ్లను అడిగాడు. ఇంజినీర్ల అంచనాలు రెండు మూడు వందల్లో ఒకటి దగ్గర వచ్చాయి. వాళ్ల మేనేజరు లెక్క లక్షలో ఒకటి. ఒకే గదిలో కూర్చున్న మనుషులు, ఒకే యంత్రం! నోటితో అడిగి ఉంటే ఆ తేడా బయటపడేదా?

మన దగ్గర ఇది ఇంకా ఎక్కువ. పెద్దాయన ఒక మాట అన్నాక దానికి ఎదురు చెప్పడం మన పెంపకంలోనే లేదు. "నాకైతే మంగళవారానికి అయిపోతుందనిపిస్తోంది, మీరేమంటారు?" అని మొదలుపెట్టావా, ఇక గదిలో అందరికీ మంగళవారమే. కాబట్టి ముందు చీటీలు రాయించు. తర్వాత అందరికంటే చిన్నవాడితో మొదలుపెట్టి చదివించు. అంకెలన్నీ దగ్గరదగ్గరగా ఉంటే ముందుకు పో. ఒకడు అయిదు రోజులు, ఇంకొకడు ఇరవై అంటే మాత్రం సగటు తీయకు. ఇరవై అన్నవాడికి తెలిసినదేదో మిగతావాళ్లకు తెలియదు. అదేమిటో అడుగు.

6. సగటును విప్పి చూడు

ఒక ఏడాది మా ఫీడ్ పంపుల రిపేరు సగటున ఆరు గంటలు పడుతోందని నివేదిక వచ్చింది. ఆరు గంటలు ఎక్కువ, కాబట్టి షిఫ్టుకు ఇద్దరు ఫిట్టర్లను పెంచాలని ప్రతిపాదన కూడా తయారైంది. సంతకం పెట్టబోతూ జాబ్ కార్డులు తెప్పించాను. మొత్తం ఇరవై రిపేర్లు. పద్దెనిమిదింటికి తలా రెండు గంటలు. మిగిలిన రెండింటికి నలభై రెండేసి గంటలు. కలిపి ఇరవైతో భాగిస్తే ఆరు. లెక్క తప్పు లేదు, కానీ ఆరు గంటలు పట్టిన రిపేరు ఒక్కటీ లేదు.

ఆ రెండింట్లో అంతసేపు ఎందుకయింది? సీలు స్టోర్సులో లేదు. లారీలో రావాలి. ఫిట్టర్లు రెండు రోజులు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఇంకో ఇద్దరిని పెంచి ఉంటే నలుగురు కూర్చునేవాళ్లు. రెండు సీళ్లు అదనంగా కొని పెట్టాం, సమస్య పోయింది. సగటు ప్రశ్న అడగడానికి పనికొస్తుంది, జవాబుకు మాత్రం విడి కాగితాల దగ్గరికి వెళ్లాల్సిందే.

7. నొప్పి ఉన్నచోట కాదు, పుట్టినచోట కొలువు

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచింది. వేలమంది పోయారు. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. నీళ్లు ముంచింది నగరాన్ని, కాబట్టి నగరంలో గోడలు ఎత్తుదామని ఎవరికైనా అనిపిస్తుంది. ఆయన ఎగువకు చూశారు. మూసీకి నీళ్లొచ్చే ప్రాంతమంతా ఎంత వాన, ఎన్ని గంటల్లో పడింది, దారిలో ఎన్ని చెరువులున్నాయి, ఎన్ని తెగాయి అని లెక్క తీయించారు. తెగిన ఒక చెరువు నీళ్లు కింది చెరువును తెంపుతాయి, అదే గొలుసుగా నగరం దాకా వస్తుంది. ఆయన సూచన నుంచే ఎగువన మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ లేచాయి. వరద ఆపడానికి కట్టినవి తర్వాత దశాబ్దాల పాటు నగరానికి తాగునీళ్లూ ఇచ్చాయి.

నీ టీములో ఆఖరి వారం ప్రతిసారీ పరుగులు పెడుతున్నారంటే కొలవాల్సింది ఆఖరి వారాన్ని కాదు. మొదటి వారంలో ఏ చెరువు తెగిందో చూడు.

8. ఎంత తెలిస్తే చాలో ముందే తేల్చుకో

సమాచారం సేకరించడం కూడా ఒక రకం వాయిదా. నిర్ణయం తీసుకోవడానికి భయపడే అధికారి ఇంకో నివేదిక అడుగుతాడు. నేనూ అడిగాను.

ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. నివేదిక అడిగే ముందు అనుకునేవాణ్ని: జవాబు 'అవును' అని వస్తే ఏం చేస్తాను? 'కాదు' అని వస్తే ఏం చేస్తాను? రెండింటికీ చేసేది ఒకటే అయితే ఆ నివేదిక అక్కర్లేదు. దాన్ని తయారుచేసే కుర్రాడి మూడు రోజులు మిగులుతాయి.

ఇంకొకటి, వెనక్కి తిప్పుకోగల నిర్ణయమా కాదా చూడు. గ్రీజు బ్రాండు మార్చడానికి కమిటీ ఎందుకు? ఒక పంపుకు పెట్టి నెల చూడు, బాగోలేకపోతే పాతదే పెట్టు. టర్బైన్ పై మూత విప్పడం అలాంటిది కాదు. ఒకసారి విప్పితే వారాలు యూనిట్ ఆగుతుంది. అక్కడ తెలిసినవాణ్ని, తెలియనివాణ్ని, మనతో పడనివాణ్ని కూడా అడుగు. పడనివాడు మన లోపాలన్నీ వెతికి పెట్టుకుని ఉంటాడు, ఉచితంగా చెబుతాడు.

9. నిర్ణయం తీసుకున్న రోజే రాసిపెట్టు

ఇది చిన్నది. పెద్ద నిర్ణయం తీసుకున్న రోజు నోటుబుక్కులో నాలుగు వాక్యాలు రాసేవాణ్ని. ఇవాళ నాకేం తెలుసు, ఏం తెలియదు, ఏం జరుగుతుందనుకుంటున్నాను, ఎవరు వద్దన్నారు. ఆరు నెలలకు తిరగేసేవాణ్ని. జరిగిపోయాక "నాకు ముందే తెలుసు" అనుకోవడం మనిషి నైజం. నా అక్షరాలే నన్ను పట్టించేవి. వద్దన్నవాళ్ల పేర్లలో ఒకే పేరు మాటిమాటికీ సరైన వైపు కనిపించింది. అంతకుముందు ఆయన్ని అడ్డుపుల్లలు వేసేవాడనుకునేవాణ్ని. ఆ తర్వాత ఆయన్ని అడగకుండా షట్‌డౌన్ తీసుకోలేదు.

10. తప్పు జరిగాక నీ మొదటి మాట

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి మన మొదటి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ లేచి, రెండో దశ నియంత్రణ వ్యవస్థ విఫలమై బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. కానీ విలేకరుల ముందుకు వెళ్లి ఆ వైఫల్యాన్ని తన మీద వేసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. 1980 జూలై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు, విలేకరులతో మాట్లాడమని కలాంను పంపారు.

ఈ కథను అందరూ నాయకత్వ గుణానికి ఉదాహరణగా చెబుతారు. ఒక మెయింటెనెన్స్ ఇంజినీరుగా నాకు అందులో ఇంకొకటి కనిపిస్తుంది. నింద ఎక్కడ పడుతుందో తేలిపోయాక, కింద ఉన్నవాళ్లకు దాచుకోవాల్సిన అవసరం తగ్గుతుంది. ఎక్కడ కారింది, ఎవరు చూశారు, ఎందుకు ఫరవాలేదనుకున్నారు అన్నవి బయటికొస్తాయి. "ఎవరు చేశారు?" అని మొదలుపెట్టిన విచారణలో ఒక పేరు దొరుకుతుంది. "ఎలా జరిగింది?" అని మొదలుపెట్టినదానిలో కారణం దొరుకుతుంది. మళ్లీ జరగకుండా ఆపాలంటే పనికొచ్చేది కారణమే.

మూడో రోజు సాయంత్రం బస్సెక్కే ముందు మా పిల్ల అడిగింది: "ఇన్ని చెప్పావు, రేపు పొద్దున ఆఫీసులో మొదట ఏం చెయ్యను మామయ్యా?"

ఒక తెల్ల కాగితం తీసుకోమన్నాను. గత నెలలో నీకు చెడు కబురు, నువ్వడక్కుండా వాళ్లంతట వాళ్లే వచ్చి చెప్పినవాళ్ల పేర్లు రాయి. నాలుగైదు పేర్లుంటే నీ డాష్‌బోర్డులను కొంతవరకు నమ్మొచ్చు. కాగితం ఖాళీగా ఉంటే ఆ నెలలో చెడు ఏమీ జరగలేదని మురిసిపోకు. వాళ్లు వచ్చి చెప్పేలా నువ్వు లేవని అర్థం. చదివే మీరూ ఒకసారి ఆ కాగితం రాసి చూడండి.